డఫ్ వాగులో చేపల్లేవు

చేపలు పట్టే సీజన్ పర్మిట్ మీద ఏ నది పేరు రాయాలా అని క్లారీ మెక్‌ఫెడ్రన్ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ప్రతి సెప్టెంబరులోనూ ఐలీన్ నడిపే ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళేవాడు, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి "మటౌరా" అని రాసేవాడు, పర్మిట్ జేబులో పెట్టుకుని వచ్చేసేవాడు. ట్రౌట్ చేపలు పట్టేది మాత్రం డఫ్ వాగులో.

పర్మిట్ ఏ నీళ్ళలోనైనా చెల్లుతుంది. ఆ పేరు లెక్క కోసం. సీజన్ అయ్యాక ఏప్రిల్ చివర ఎక్కడ ఎన్ని పట్టాడో కార్డు మీద రాసి చేపల క్లబ్బుకు ఇవ్వాలి; ఆ క్లబ్బు లెక్కలు చూసేదీ ఐలీనే. క్లారీ తన చేపలన్నింటినీ మటౌరాలో పడ్డట్టు రాసి, డఫ్ ఎదురుగా సున్నా చుట్టేవాడు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి కదా, ఎవరూ ఆశపడని చేపలని, ఏడాది విడిచి ఏడాది "రెండు మలుగుపాములు" అని కూడా చేర్చేవాడు.

అతనేం చెడ్డవాడు కాదు. మాంసం ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు గొర్రెలు కోసి, మోకాలు పాడై ఇంటికొచ్చినవాడు. ఒకప్పుడు ఇంకో వాగు గురించి బీరు ఊపులో నోరు జారాడు. ఆ పై ఆదివారానికి గట్టు మీద పద్నాలుగు కార్లు నిలబడ్డాయి, రెండేళ్ళలో ఆ వాగు ఊడ్చుకుపోయింది. ఆ రోజునుంచి నోటికి తాళం వేశాడు.

ఆ తాళం స్నేహితుడు నోయెల్ దగ్గర కూడా తీయలేదు. అదే చెప్పుకోలేని సంగతి. ఇద్దరూ ఫ్యాక్టరీలో పక్కపక్కన కత్తి పట్టినవాళ్ళు, ప్రతి గురువారం ఒకే బల్ల దగ్గర చీజ్ రోల్స్ తిని టీ తాగేవాళ్ళు. కానీ నోయెల్ నోట్లో నువ్వుగింజ నానదు, ఏం చేస్తాడు! "డఫ్‌లో ఒక్క చేపా లేదు, మటౌరాలో ఆ మూడో వంపు దగ్గర నిలబడరా" అని క్లారీ వాణ్ణి పంపేవాడు. పాపం, నోయెల్ నడుం పడిపోయేదాకా అక్కడే నిలబడి ఒట్టి చేతులతో వచ్చేవాడు. అప్పుడు క్లారీ డఫ్‌లో పట్టిన చేప ఒకటి వాడి చేతిలో పెట్టి, "మటౌరాదే, తీసుకో" అనేవాడు.

ఈ సెప్టెంబరులో ఐలీన్ పర్మిట్ పుస్తకం తెరవకుండానే అంది.

"ఆ డఫ్ వాగు సంగతి విన్నావా పెద్దాయనా? పైనున్న పాల ఫారం వాళ్ళు వేసవిలో పంపు పెట్టి పచ్చికకి తోడుకుంటారంట. చేపలుంటే తోడనివ్వరంట, అక్కడెవరైనా చేపలు పడతారా అని నీళ్ళ ఆఫీసోళ్ళు అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"నాదేముంది? కార్డులన్నీ తీసి రాసిచ్చాను. ముప్పై ఏళ్ళూ సున్నాలే. పాపం, నీ మలుగుపాములు కూడా రాశాన్లే."

క్లారీ మోచెయ్యి కౌంటరు మీంచి తీసేశాడు. "ఐలీన్, అవన్నీ నేను అబద్ధం రాశానమ్మా" అన్నాడు.

ఐలీన్ పగలబడి నవ్వింది. "పోదూ! గాలం పట్టుకున్నోడు చేపలు ఎక్కువ చేసి చెబుతాడు గానీ, తక్కువ చేసి చెప్పేవాణ్ణి నేనెక్కడా చూళ్ళా."

పంపుకు అనుమతివ్వాలా వద్దా తేల్చే విచారణకు ఇంకా ఆరు రోజులే ఉంది. ఒక్క చేపను పట్టి చూపిస్తే చాలు, కానీ సీజన్ తెరవకముందు గాలం వేస్తే పర్మిట్ జన్మలో మళ్ళీ ఇవ్వరు. కళ్ళారా చూపించి సాక్షిగా తెచ్చుకుందామని నోయెల్‌ను బలవంతంగా గట్టుకు తీసుకెళ్ళాడు. అప్పటికి నాలుగు రోజులుగా వాన. వాగు బురదరంగులో పొంగి విల్లో చెట్ల కొమ్మల్ని లాక్కుపోతోంది.

"ఆ రాయి కిందే రా, చూడు! రెండున్నర కిలోలది ఉంటుంది, ఎప్పుడూ అక్కడే!"

నోయెల్ నీళ్ళకేసి చూశాడు, క్లారీ మొహంకేసి చూశాడు. "ఇంటికి పోదాం పద. నీకు జలుబు చేస్తుంది" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనం క్లారీని తిట్టుకన్నా ఎక్కువ బాధించింది.

విచారణ రోజున క్లారీ కోటు వేసుకుని వెళ్ళాడు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మర్యాదగా అడిగాడు.

"అయితే మీరు ప్రతి ఏడూ సంతకం పెట్టి ఇచ్చిన కార్డులు తప్పంటారు?"

"తప్పేనండి."

"ఇప్పుడు చెప్పేది మాత్రం ఒప్పు."

"ఒప్పండి. దేవుడి సాక్షిగా ఒప్పు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమనిషి నోయెల్‌ను కూడా అడిగాడు, మీరేమైనా విన్నారా అని. అబద్ధమాడటం నోయెల్‌కు చేతకాదు. టోపీ నలుపుకుంటూ లేచి నిలబడ్డాడు. "విన్నానండి. దాంట్లో ఒక్క చేపా లేదని... క్లారీయే చెప్పాడండి. ఎన్నిసార్లో చెప్పాడు." క్లారీకి ఎవరిని తిట్టాలో తెలియలేదు. తీసిన గొయ్యి తనది, పడింది తను. తనొక్కడే పడినా బాగుండును, వాగును కూడా లాక్కుని పడ్డాడు.

అక్కడ వేసవి మొదలయ్యే డిసెంబరు నుంచి తోడుకోవచ్చని కాగితం వచ్చేసింది.

అక్టోబరు ఒకటిన సీజన్ తెరిచారు. అంతకుముందు రోజు పర్మిట్ మీద క్లారీ మొదటిసారి "డఫ్" అని రాశాడు. ఐలీన్ ముద్ర కొట్టి ఇచ్చింది. తెల్లారి నోయెల్‌తో కలిసి డఫ్ మీది వంతెన దగ్గరకు వెళ్ళేసరికి తొమ్మిది కార్లు! విచారణలో కిసుక్కున నవ్వినవాళ్ళే, ఎందుకైనా మంచిదని రబ్బరు బూట్లేసుకుని వచ్చారు. నీళ్ళు తేరిపోయి గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. గట్టు పక్కనే నల్లటి పంపు గొట్టాలు వరసగా పడి ఉన్నాయి. జనం వాటిని దాటుకుంటూ దిగుతున్నారు.

ఎనిమిది కాకముందే క్లారీ చూపించిన ఆ రాయి దగ్గర నోయెల్ గాలం వంగింది. వాడు నానా తంటాలూ పడి, తడిసి ముద్దయి, చేపను వలలోకి ఎత్తాడు. బంగారు పొట్ట, ఎర్ర చుక్కలు, రెండున్నర కిలోలకు తగ్గదు.

"ఒరేయ్! నిజమేరా! నిజమే చెప్పావురా!" అని గావుకేక పెట్టాడు. నవ్వుతూనే ఉన్నాడు, ఇంతలో ఆ నవ్వు ఆగిపోయింది. "ముప్పై ఏళ్ళ నుంచీ ఉన్నాయా ఇవి?"

క్లారీ తల ఊపాడు.

"నేను అక్కడ మూడో వంపులో నిలబడుంటే... నువ్విక్కడ?"

"నీ నోరు సంగతి తెలుసు కదరా నోయెల్..."

"నా నోరు సంగతి తెలుసు." నోయెల్ ఆ మాటే నెమ్మదిగా మళ్ళీ అన్నాడు. కోపం లేదు. కోప్పడినా బాగుండేదని క్లారీకి అనిపించింది.

వలలో చేప మొప్పలు ఆడిస్తోంది. ఇంత పెద్దవాటిని గుడ్లు పెట్టడానికి వదిలేయడం వాళ్ళకు అలవాటు. నోయెల్ వంగి వలను నీళ్ళ అంచున పెట్టి తలెత్తాడు.

"వదిలెయ్యనా? జనవరికి ఇక్కడ నీళ్ళుండవుగా. పట్టుకుపోనా? నువ్వే చెప్పు క్లారీ, ఈసారైనా సరిగ్గా చెప్పు."

క్లారీ నోరు తెరిచాడు. ఏం చెప్పాలో అతనికి నిజంగానే తెలియలేదు.