రామాంజులు సారుకు కనబడని అంచులు

క్యారంబోర్డు మీద చల్లే పౌడరు వేలికి అంటితే చాలు, నాకు రామాంజులు సారు గుర్తొస్తారు. మెత్తగా, జారుడుగా, కాస్త చల్లగా ఉంటుందది. నిన్న మా వీధి పిల్లలు ఆటకు పిలిస్తే, కాయ కొట్టడం మరచిపోయి వేళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాను. ముందే చెబుతున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. నాలుగు చినుకులు పడితే పెన్నకు వరదొచ్చిందంటాను. మా ఇంటావిడ నా మాటల్లో ముప్పాతిక తీసేసి వింటుంది. మీరూ అలాగే చదువుకోండి.

సారు ఇల్లు పెనుకొండ, ఉద్యోగం హిందూపురం కాలేజీలో. కెమిస్ట్రీ చెప్పేవారు. మొదట ఆయన శిష్యుణ్ణి, తర్వాత స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీవాణ్ణి. ఆ క్యారం పౌడరే, అంటే బోరిక్ యాసిడ్, పింగాణీ గిన్నెలో వేసి స్పిరిట్ పోసి అంటిస్తే ఆకుపచ్చ మంట లేచేది. ఆ వెలుగుకు హిందూపురం మార్కెట్లో ఎండుమిరపకాయలన్నీ మళ్లీ పచ్చిమిరపకాయలయ్యాయని చెబితే నమ్మినవాళ్లున్నారు. మంట ఆరాక అసలు పాఠం. బోరాన్ మూడు బంధాలు కట్టుకున్నా దాని దగ్గర ఇంకొక చోటు ఖాళీగానే ఉంటుంది. అమోనియా లాంటిది పక్కకొచ్చి తన రెండు ఎలక్ట్రాన్లు ఇస్తే పుచ్చుకుని కుదురుకుంటుంది. "తీసుకునేకి దానికి సిగ్గు లేదప్పా," అనేవారు. అలా చెప్పే మనిషి మాత్రం ఒంటరిగా ఉంటూ, ఎవరి దగ్గరా గ్లాసు మంచినీళ్లు కూడా అడిగేవారు కాదు. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే హిందూపురం దాకా నిలబడే వచ్చేవారు.

చెల్లెలి గృహప్రవేశానికి చీర కొనాలని ఒకరోజు నన్ను ధర్మవరం తీసుకుపోయారు. నాగప్ప అనే నేతగాడు మగ్గం పక్కన చాప మీద కూర్చోబెట్టి, పట్టుచీర విప్పి మా ముఖాల ముందు వెడల్పుగా పట్టాడు. ఆ ఊళ్లో చీర చూసేవాళ్లు ముందు అంచు చూస్తారు, తర్వాతే తక్కినదంతా. సారు నడుమకే చూస్తూ ఉండిపోయారు.

"ఏమబ్బా, ధర్మవరంలో అంచు లేని చీరలు గూడా నేస్తాండారా?"

"ఎగతాళి బాగుండాది సార్," అన్నాడు నాగప్ప. "ఈపక్క జానెడు, ఆపక్క జానెడు జరీ పెట్టినా. యాడికి పోతాది?"

నేనూ నవ్వాను. సారు నవ్వలేదు. తల తిప్పి ఒక అంచు చూశారు, మళ్లీ తిప్పి రెండోది చూశారు. తర్వాత చీర నడుమ చూపు నిలిపి ఒక కన్ను మూశారు, ఆపైన ఇంకో కన్ను. ప్రాక్టికల్స్‌లో రీడింగు చెప్పే గొంతుతో అన్నారు: "కుడి కన్ను కుడి అంచును మింగుతాండాది. ఎడమది ఎడమ అంచును."

బెంగళూరు డాక్టరు స్కాన్ చూసి, పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ పెరిగిందని, రెండు కళ్ల నరాలు కలిసే చోటును అది నొక్కుతోందని చెప్పాడు. ముక్కులోంచి వెళ్లి తీయాలి. ఆలస్యమైతే మిగిలిన చూపూ పోవచ్చు. వెంట ఒక మనిషి ఉండాల్సిందేనన్నాడు. సారు ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు గానీ మనిషికి ఒప్పుకోలేదు. చెల్లెలు ఏడ్చినా వినలేదు.

బయలుదేరే రోజు పిలవకపోయినా పెనుకొండ వెళ్లాను. బెంగళూరు బస్సు ఆగేది హైవేకు అవతల. ఎదురుగా ఉన్న బస్సు ఆయనకు బాగానే కనబడుతోంది. పక్కలనుంచి ఏనుగుల మందలా దూసుకొచ్చే లారీలే కనబడటం లేదు. సంచి పట్టుకుని ఒక అడుగు వేశారు. హారన్ మోగింది. నేను చొక్కా పట్టి వెనక్కి లాగాను. ఆయన విదిలించుకున్నారు.

"వదులప్పా. నేను పోతాలే."

"బోరాన్‌కు లేని సిగ్గు మీకెందుకు సార్?" అన్నాను.

ఆయన రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా మోచేయి పట్టుకున్నారు. ఇద్దరం దాటాం. బస్సెక్కాక నన్ను దిగమనలేదు.

ఆపరేషన్ తర్వాత కుడివైపు చూపు పూర్తిగా వచ్చింది, ఎడమవైపు మసకమసకగా. ఆపైన చాలా ఏళ్లు నా స్కూటర్ వెనక కూర్చుని తిరిగారు, నా డ్రైవింగును తిడుతూనే. ఇప్పుడాయన లేరు. నాకూ మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మెట్ల దగ్గర ఎవరైనా చేయి ఇస్తే వద్దనకుండా పట్టుకుంటున్నాను.

కల్పించింది ఏమిటో కూడా చెప్పేస్తాను. హైవే దగ్గర ఆ బోరాన్ మాట నేను అనలేదు. ఊరికే చేయి చాచి నిలబడ్డాను. ఆయనే పట్టుకున్నారు.