మాస్టారి మామగారి పేరులో ఇంటిగ్రల్ గుర్తు

ఆ రోజుల్లో, అంటే ఏలూరులో సందుకో డీటీపీ సెంటరు ఉన్న రోజుల్లో, వేళ్లు ఎంత వేగంగా ఆడితే అంత తెలివున్నట్టని గట్టిగా నమ్మేదాన్ని. ఇంటర్లో లెక్కలు రెండుసార్లు తప్పి, రోజూ దెందులూరు నుంచి బస్సులో వచ్చి, ఆ లెక్కల ప్రశ్నపత్రాలే టైపు చేసేదాన్ని (దేవుడి పరాచికాలు ఇలాగే ఉంటాయి). ఒక్క ఇంటిగ్రల్ గుర్తు కోసం గుర్తుల పెట్టె తెరిచి, వెతికి, నొక్కి, మూసేసరికి ప్రాణం విసిగేది. పేజీకి పూట పట్టేది. "ఇలాగైతే ఇంటి దగ్గరే ఉండిపోమ్మా," అన్నారు ఓనరుగారు, ఎంతో మర్యాదగా. ఆ ఉద్యోగం పోతే నాకు మరో దారి లేదు.

ఏడుపు దిగమింగుకుని టైపు చేసే ప్రోగ్రాము సెట్టింగుల్లో దూరాను. ఫలానా రెండక్షరాలు వరసగా కొడితే ఇంటిగ్రల్, ఇంకో రెండు కొడితే ఆల్ఫా పడేట్టు చేశాను. పేజీ అరగంటలో అయిపోయేది. ప్రశ్నపత్రాలు తెచ్చే తాడేపల్లిగూడెం లెక్కల మాస్టారు మురిసిపోయి, తమ గృహప్రవేశం కార్డు కూడా నాకే ఇచ్చారు. ప్రూఫు దిద్ది వెళ్లాక ఫోను చేశారు. "అమ్మాయ్, ఆహ్వానించేవాళ్లలో మా మామగారి పేరు మర్చిపోయానమ్మా. పైన వేసెయ్. లేకపోతే మా ఆవిడ కొత్తింటి గడప తొక్కనివ్వదు." కాగితం మీద రాసుకుని, స్క్రీను వంక చూడకుండా కొట్టి, అచ్చుకి పంపేశాను (చూసి కొట్టడం చేతకానివాళ్ల పనని నా అభిప్రాయం). అప్పటి తెలుగు ఫాంట్లు పైకే తెలుగు, లోపలంతా ఇంగ్లీషు అక్షరాలే. ఇంటిగ్రల్ కోసం నేను పెట్టుకున్న రెండక్షరాలూ ఆ పేరులో పక్కపక్కనే ఉన్నాయి; పేరు మధ్యలో ఇంటిగ్రల్ గుర్తు పడింది.

కార్డుల కట్ట విప్పి మాస్టారు పైకార్డు తీసి నా ముందు పెట్టారు.

"ఏవమ్మా, మా మామగారిని ఇంటిగ్రేట్ చేసేశావేంటి?"

"అయ్యబాబోయ్, నేను కాదండీ మాస్టారూ, కంప్యూటరండీ!"

"సరే, చేశావు. ఇంటిగ్రేట్ చేశాక చివర ప్లస్ సి రాయాలి కదా, ఏదీ? మార్కు పోయింది కదమ్మా!"

ఆయన నవ్వారు గానీ ఓనరుగారు నవ్వలేదు. కార్డులన్నిటి మీదా సరైన పేరున్న చీటీలు అతికించి, సాయంత్రం బస్సెక్కి దెందులూరు దాకా ఏడ్చాను. మర్నాటి నుంచి రావద్దన్నారు. అంత కష్టపడి నేర్చుకున్న వేగమే నా కొంప ముంచింది.

చీటీ అతికించని కార్డొకటి ఇప్పటికీ నా దగ్గరుంది. మూడోసారి లెక్కలు గట్టెక్కిన రోజున, ఆ పేరు చివర పెన్సిలుతో ప్లస్ సి రాశాను. అప్పటి నాకు, ఆ పిచ్చిపిల్లకి, పోయిన మార్కు తిరిగి వేయించాలని ఇప్పటికీ అనిపిస్తుంది గానీ, వెయ్యడానికి మాస్టారు లేరు.