ఫోనెత్తనివాళ్ళ కోసం ఆగిన మేడమ్

మా మేడమ్ పోయారు. సోమవారం పొద్దున్న ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ముందురోజు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారట, మళ్ళీ లేవలేదట. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

మీకు ఆవిడ తెలియకపోవచ్చు. విశాఖలో ఫోన్ సర్వేలు చేసే ఒక చిన్న ఆఫీసులో మా పదిమందికీ ఆవిడే పెద్ద. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "జనాల బుర్ర తినడం" అని నవ్వేవారు. అవతల రింగవుతున్నంతసేపూ "ఎత్తు నాయినా, ఎత్తు" అని మనిషి ఎదురుగా ఉన్నట్టే బతిమాలేవారు. ఎత్తని నెంబరుకి రోజుకో వేళప్పుడు, ఎనిమిదిసార్లు చేయించేవారు. మాకు చచ్చేంత విసుగు. వీణ్ణి వదిలేసి ఇంకో నెంబరు చేస్తే ఏం పోతుందని ఒకసారి నేనే అడిగేశాను.

"పగలు పదకొండింటికి ఫోనెత్తీది ఎవలు? ఇంట్లో ఉన్నోల్లు. సముద్రంలో వేటకెల్లినోడికి సిగ్నలుండదు, ఫ్యాక్టరీలో ఉన్నోడి ఫోను లాకర్లో ఉంటాది. దొరికినోల్లనే అడిగేసి, ఊరంతా ఇలగే అంటందని రాసేత్తావేటి?" అన్నారు.

మూడేళ్ళ కిందట ఒక పేట ఆసుపత్రి గురించి సర్వే వచ్చింది. ఇప్పుడున్నట్టే సాయంత్రం కూడా డాక్టరు ఉండాలా, పొద్దున్న ఉంటే చాలా అన్నది ప్రశ్న. ఎత్తినవాళ్ళలో ఎక్కువమంది పొద్దున్న చాలన్నారు. గడువు ముంచుకొస్తోంది. ఎత్తని ఒక నెంబరుకి నేనే "సాయంత్రం అక్కర్లేదు" అని నొక్కేశాను.

మేడమ్ ఆ కాల్ రికార్డింగు పెట్టారు. రింగు, మళ్ళీ రింగు, ఇంకేం లేదు.

"ఇందల ఆ మనిషి మాటేది? నాక్కూడా ఇనిపించు."

తిట్టలేదు. ఆ సాయంత్రం అయిదున్నరకి, డ్యూటీ దిగే వేళకి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే నెంబరు చేయించారు. ఎత్తాడు. "డూటీ దిగేక కాపోతే మా అమ్మని డాక్టరు కాడికి ఎప్పుడు తీసుకెల్తానండి?" అన్నాడు. నేను నొక్కింది కొట్టేయించి అతను చెప్పింది పెట్టించారు.

"ఇలాటియి ఇంకేటైనా ఉన్నాయా నాయినా?"

"లేవు మేడమ్" అన్నాను.

ఇంకొకటి ఉంది. ఎత్తని ఇంకో నెంబరుకీ అలాగే నొక్కేశాను. ఆవిడ నా మాట నమ్మి రిపోర్టు పంపేశారు. నేనీ పూట తింటున్న అన్నం ఆవిడ నేర్పిన పని పెట్టిందే. అయినా ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ మూడేళ్ళు గడిపేశాను. మేడమ్, సిగ్గుగా ఉంది.

నిన్న సాయంత్రం ఆ రెండో నెంబరుకి చేశాను. ఎక్కడా రాసుకోలేదు, బుర్రలోంచి పోలేదంతే. రెండో రింగుకే ఎత్తాడు. వెనక పోర్టు రోడ్డు లారీల హారన్లు. నేనెవరో చెప్పి, మూడేళ్ళ కిందట అడగాల్సిన ప్రశ్న అడిగాను.

"ఇప్పుడడుగుతన్నావేటి బాబూ? ఆ సాయంత్రం డాక్టర్ని తీసేసి రెండేల్లు దాటిపోనాది. అప్పుడే అడిగుంటే సెప్పుందును గదా."

నా ఒక్క అబద్ధంతోనే ఆ డాక్టరు పోయాడని అనను. కాదని ఒట్టేసీ చెప్పలేను. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. అతనూ ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ హారన్ల మధ్యే నిలబడి, గొంతు పెంచి, "బాబూ, ఉన్నావా? ఉంటే పలుకు" అని అడుగుతూనే ఉన్నాడు.