మంత్రిగారి వెనకున్న మనిషి

మా ముత్తాత నరసింగరావుగారు పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత రంగారావుగారు దగ్గితే కచేరీలో కలాలు ఆగేవి. అంతటి వంశాన్ని సౌదీలోని జుబైల్‌లో ఒక్క భోజనం వేళలో నేనెలా ముంచబోయానో చెబుతాను. నవ్వుకోండి, నాకు అలవాటైంది.

ఆరేళ్ల కిందట అక్కడొక ప్లాంటులో స్టోర్‌కీపర్‌ని. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని ముగుస్తోంది. ఎవరిని ఉంచాలో, ఎవరికి ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపాలో కొత్త చైనా మేనేజరు లియాంగ్ జాబితా రాస్తున్నాడు. ఆయన్ని మెప్పించడానికి నా దగ్గర ఓ బ్రహ్మాస్త్రం ఉంది. ముత్తాత బొంబాయి నుంచి తెచ్చిన పాత ఫోటో. అందులో శిలలా కూర్చున్న చైనా పెద్దమనిషి, వెనక వంగి నిలబడ్డ మరొకడు. కూర్చున్నది మంత్రి అనీ, ముత్తాత స్నేహితుడనీ మా ఇంట్లో నమ్మకం. దసరాకు బొట్టు పెట్టి దండ వేసేవాళ్లం. మగపిల్లలకు వెన్ను నిటారుగా పెట్టడం ఆ ఫోటో చూపించే నేర్పారు. నేను బల్లెం మింగానని క్యాంపులో అనుకునేవారు.

నా గదిలో ఉండే జగిత్యాల ఫిట్టర్ రాజన్న ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"దొరా, ఎనుకున్నోని చేతిల పుల్ల ఉన్నది. చెవుల గుబిలి తీస్తున్నడు."

"అది రాజముద్ర కడ్డీ, రాజన్నా."

"ముద్ర చెవుల ఏస్తరా?"

చరిత్ర తెలియనివాడని జాలిపడ్డాను.

మేనేజరు రేకుల ఆఫీసులో నూడుల్స్ తింటున్నాడు. ఫోటో బల్ల మీద పెట్టి, వచ్చిన ఇంగ్లీషులో వంశచరిత్రంతా వినిపించాను. ఈయన మీ మంత్రి, వెనకవాడు అల్పుడు, నౌకరు అని వేలు పెట్టి మరీ చూపించాను.

ఆయన నూడుల్స్ పక్కకు జరిపాడు. వెనకున్నవాడు చెవులు కూడా శుభ్రం చేసే వీధి మంగలి, కూర్చున్నవాడు గిరాకీ, విదేశీయులకు అమ్ముకోవడానికి ఇలాంటివి స్టూడియోలో తీసేవారని చెప్పాడు. ఆ రోజుల్లో ఫోటోకి కాసేపు కదలకూడదట. మంత్రిగారి బూట్ల వెనక కనిపిస్తున్నది, తల కదలకుండా ఆనించిన ఇనుప స్టాండు కాలట. మూడు తరాల మా రాజసం ఆ ఇనుపముక్క పుణ్యమన్నమాట.

తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మా తాత చేసింది ఈ పనే. మీరు అల్పుడన్నవాడి పని."

ఎగ్జిట్ ముద్ర, దమ్మాం విమానాశ్రయం, ఊళ్లో జనం వరసగా కళ్లముందు కదిలారు. నా వెన్ను మొదటిసారి వంగింది. క్షమించమని, దండ మాత్రం ఇద్దరికీ కలిపే వేసేవాళ్లమని గొణిగాను. అది నిజమే.

"మంగలికి కూడా దండా?"

"ఏటా. బొట్టు కూడా."

ఆయన నూడుల్స్ చల్లారేదాకా నవ్వాడు. కళ్లు తుడుచుకుని, జాబితాలో నా పేరు ఉండేవాళ్ల వైపు రాశాడు. నేను గదికి తిరిగొచ్చాను.

"మంత్రి కాపాడిండా?" అన్నాడు రాజన్న.

"మంగలి," అన్నాను.

ముత్తాతల స్నేహితుల గురించి సౌదీ నేల మీద మళ్లీ నోరు విప్పనని ఆ సాయంత్రమే సముద్రం వైపు తిరిగి ప్రమాణం చేశాను. ఫోటో లియాంగ్‌గారికే ఇచ్చేశాను. ఫ్రేము లేదేమని అడిగాడు. అది వెండిది. నా వీసా కోసం కరీంనగర్‌లో అమ్మేశాం.