ఏలగిరి మలుపులో ఇత్తడి తాంబాళం

డాక్టరు నన్ను రోజూ సైకిలు తొక్కమన్నాడని మా అబ్బాయి కదలని సైకిలొకటి కొని, మద్రాసు పురసవాక్కంలోని మా హాల్లో టీవీకి ఎదురుగా బిగించాడు. దాని మీద ఇంతవరకు నాకంటే ఎక్కువసేపు కూర్చున్నవి మా ఆవిడ ఆరేసిన తువ్వాళ్ళే. కుర్రతనమంతా ఊళ్ళోవాళ్ళ చక్రాల వంకర్లు తీసి బతికినవాడిని, ఇప్పుడు నా నడుము వంకర తీయమని ఒక యంత్రాన్ని బతిమాలుకోవలసి వచ్చింది. అదీ కదలదు, నేనూ కదలను, అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

మొన్న ఒక సాయంత్రం తువ్వాళ్ళను పక్కకు జరిపి దాని మీద ఎక్కి, పెడళ్ళ మీద కాళ్ళు పెట్టుకుని, తొక్కకుండా టీవీ చూస్తున్నాను. ఫ్రాన్సులో ఏటా జరిగే పెద్ద సైకిలు పందెం వస్తోంది. ఆ రోజు పందెం ముగిసేది ఆల్ప్ ద్యుయెజ్ అనే కొండ మీద. పేరు సరిగ్గా పలకడం నాకు ఇప్పటికీ రాదు, వయసులో ఉన్నప్పుడు మేం దాన్ని ఆల్పుకొండ అనే అనేవాళ్ళం. చలికాలంలో కాళ్ళకు పలకలు కట్టుకుని మంచు మీద జారే సరదా మనుషుల కోసం కొండ నెత్తిన కట్టుకున్న ఊరది. మంచు కరిగిపోయాక హోటళ్ళు ఖాళీగా ఉండేసరికి, అక్కడి హోటళ్ళవాళ్ళు కూడబలుక్కుని సైకిలు పందాన్ని తమ కొండ మీదికి రప్పించుకున్నారట. మా సౌకార్‌పేట వ్యాపారుల బుర్రలు ఆ దేశంలో కూడా ఉన్నాయన్నమాట. జారడానికి కట్టిన ఊరు చివరికి ఎక్కడం వల్ల పేరు తెచ్చుకుంది. ఆ కొండకు ఇరవై ఒక్క మలుపులు, మలుపు మలుపుకీ అక్కడ గెలిచినవాళ్ళ పేర్లు రాసిన పలకలు. పైకి పోయేకొద్దీ మలుపుల అంకెలు తగ్గుతూ వస్తాయి, ఎక్కేవాడికి ఇంకా ఎన్ని మిగిలాయో తెలియాలని కాబోలు. తెలిస్తే ధైర్యం వస్తుందో, ఉన్న ధైర్యం పోతుందో నాకు తెలియదు.

ఆ మలుపులు టీవీలో కనబడగానే నా మనసు తిన్నగా మా మామయ్య కొట్టుకు వెళ్ళిపోయింది.

మా అమ్మకు అన్నగారైన మామయ్యకు సౌకార్‌పేటలో పప్పుల టోకు వ్యాపారం. నాకు బడి ఒంటబట్టకపోతే, ఏడో తరగతితో మాన్పించి తన కొట్లో తక్కెడ దగ్గర నిలబెట్టాడు. తూకం వేసేటప్పుడు నేను వేసే జోకులకు కొనేవాళ్ళు నవ్వి నవ్వి బేరం మరిచిపోయేవారు, నేను లెక్క మరిచిపోయేవాణ్ణి. తూకం దగ్గర నవ్వేవాణ్ణి నమ్మకూడదని మామయ్య గట్టి అభిప్రాయం. ఆయన తూకం అంటే ఆ వీధిలో అందరికీ గురి. ఎదుటివాడికి ఒక గింజ తక్కువ పోకూడదు, తనదొక గింజ ఎక్కువ పోకూడదు. మూటలు దించేటప్పుడు పరిచిన గోతాల మీద, తాంబాళాల్లో, అంటే పెద్ద ఇత్తడి పళ్ళాల్లో, పడిన గింజలు కొట్టువి. నేల మీద రాలినవి ఊడ్చే ఆడవాళ్ళవి, వాటిని యజమాని ముట్టుకోకూడదు. ఆ కట్టుబాటు మీద ఆయన ఎన్ని తగవులు తీర్చాడో చెప్పలేను. గింజ ఎక్కడ పడిందో వంగి చూసి, ఒక్క మాటలో తేల్చేసి వెళ్ళిపోయేవాడు, ఆ మాటకు మరి తిరుగు లేదు. అటువంటి మనిషి నాతో ఎన్నాళ్ళు వేగుతాడు, నన్ను తీసుకుపోయి పురసవాక్కంలో అద్దె సైకిళ్ళ కొట్లో పనికి పెట్టేశాడు. ఆ విధంగా నాకు పంక్చర్ల విద్య అబ్బింది.

మామయ్య కొడుకు, నాకంటే పెద్దవాడు, మా బావ. మనిషి చీపురుపుల్లలా ఉండేవాడు. అతనికి సైకిలు పందాల పిచ్చి. తిరువొత్తియూరు దాటి సముద్రం పక్కగా పోయే రోడ్డు మీద ఆదివారాలు పందాలు జరిగేవి. అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసే దిట్టమైన మనుషులు ఎదురుగాలిని చీల్చుకుంటూ పోతుంటే, మా బావను మాత్రం గాలే వెనక్కి తోసుకొచ్చి, పంక్చరు సామానుతో వెనకాల వచ్చే నాకు అప్పగించేది. కానీ ఒక వింత ఉండేది. దారిలో ఒక రైలు వంతెన వచ్చేది, ఆ రోడ్డు మొత్తానికి ఎత్తు అంటే అదొక్కటే. ఆ వంతెన ఎక్కేటప్పుడు మా బావ అందర్నీ దాటి ముందుకు వచ్చేసేవాడు, దిగాక మళ్ళీ అందరూ అతన్ని దాటిపోయేవారు. పందెం వంతెన నెత్తినే ఆపేస్తే మా బావకు ఎదురు లేదని నేను అందరికీ చెప్పి నవ్వించేవాణ్ణి. అతను మాత్రం నవ్వేవాడు కాదు.

ఒకరోజు మూర్ మార్కెట్టు పాత పుస్తకాల కొట్లలో అతనికి ఒక విదేశీ పత్రిక దొరికింది. అందులో ఆల్పుకొండ బొమ్మ ఉంది. చుట్టలు చుట్టుకుని పైకి పోయే రోడ్డు, మధ్యలో ఒక్క సైకిలు, రెండు పక్కలా నేల ఈనినట్టు జనం, అందులో చాలామంది నారింజ రంగు చొక్కాల్లో. బావ చదువుకున్నవాడు కనుక కింద రాసింది చదివి చెప్పాడు. ఆ నారింజ రంగు వాళ్ళు కొండన్నదే లేని చదును దేశం నుంచి వస్తారట, వాళ్ళ దేశస్థులే ఆ కొండ మీద మాటిమాటికీ గెలుస్తున్నారట. ఆ మాట చదువుతున్నప్పుడు బావ గొంతు మారడం నాకింకా గుర్తుంది. మద్రాసుకంటే చదునైన ఊరు ఇంకెక్కడుంది? తాను కొండ మనిషినని, పొరపాటున పెనం మీద పుట్టానని అతనికి ఆ రోజు ఖాయమైపోయింది.

ఆ బొమ్మను ఇంట్లో గోడకు అంటించాడు. అత్తయ్య దాన్ని చూసి తిరుమల అనుకుంది, నారింజ చొక్కాలను కాషాయాలనుకుంది. తెల్లవారేసరికి బొమ్మకు నాలుగు మూలలా కుంకుమ బొట్లు. అది మంచుకొండ అత్తా, ఆడ ఎవరికీ గుండు కొట్టరు అని నేను చెబితే ఆమె నన్ను జాలిగా చూసింది.

"పోరా, సుమ్మా వాగతావు. పైన సామి లేకనే ఇంతమంది ఎక్కతారా ఏంది?"



ఇదంతా ఇలా ఉండగా మామయ్యకు కొట్లో మనిషి అవసరం పెరిగింది. కొడుకు ఆదివారం ఆదివారం ఓడిపోయి రావడం ఆయనకు తలవంపులుగానూ ఉంది. సైకిలు అమ్మేసి కొట్లో కూర్చోమన్నాడు. బావ మొదటిసారి తండ్రికి ఎదురు చెప్పాడు, తనకు తగిన చోటు సముద్రపు ఒడ్డు కాదనీ, కొండ ఎక్కనిచ్చి చూడమనీ అడిగాడు. మామయ్య పప్పు గింజలు వేళ్ళ మధ్య నలిపి చూసి, బేరం తేల్చినట్టు తేల్చాడు.

"ఏలగిరి ఎక్కు. కింద నుంచి పైదాకా కాలు నేల మీద పెట్టకుండా ఎక్కినావా, నీ సైకిలు నీది, ఇంక నిన్ను అడగను. పెట్టినావా, మర్నాటి నుంచి ఆ కాలు నా కొట్లో పెట్టు."

ఏలగిరి జోలార్‌పేట దగ్గరి కొండ, దానికి పద్నాలుగు మలుపులు. ఆల్పుకొండకు ఏడు తక్కువ, ఆ ఏడు నువ్వు ఇంటి మెట్లు ఎక్కి సరిచేసుకో అని నేను బావతో అన్నాను. అతను నిజంగానే రోజూ సైకిలు భుజాన వేసుకుని మిద్దె మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు భయం వేసింది. ఓడిపోతే ఇతను కొట్లో కూర్చుంటాడు, కూర్చుని బాగానే తూకం వేస్తాడు, కానీ ఆ తూచే మనిషిలో మా బావ ఉండడు. ఆ సంగతి మా అందరికంటే బాగా అత్తయ్యకు తెలుసు. గోడ మీద బొట్లు రోజూ కొత్తవి పెట్టేది.

ఒక తెల్లవారుజామున పప్పు మూటల వ్యానులో సైకిలు ఎక్కించుకుని నలుగురం బయలుదేరాం. వ్యాను మామయ్యే నడిపాడు. అత్తయ్య పులిహోర, నీళ్ళ బిందె, పూజ సామాను తీసుకుని నా పక్కన కూర్చుంది. కొండ కింద దిగగానే ఆమె కొడుకు కాళ్ళ వంక చూసింది. చెప్పులతో కొండ ఎక్కరాదని ఒకటే పట్టు. అది సైకిలమ్మా అని బావ, ఏదైనా కొండే అని ఆమె. చివరికి మా బావ కాన్వాసు బూట్లు విప్పి నా చేతికిచ్చి, ఉత్త కాళ్ళతో పెడళ్ళ మీద ఎక్కాడు.

ఎక్కాడని కాదు, ఎగిరాడనే చెప్పాలి. మొదటి మలుపులు అతను తొక్కిన తీరు చూసి వ్యానులో నా నోరు మూతపడింది, అది ఎంత అరుదో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. వ్యాను ముందు పోయి ఒక మలుపులో ఆగేది, అతను దాటాక మళ్ళీ కదిలేది. మామయ్య అద్దంలోంచి కొడుకు కాళ్ళనే చూసేవాడు, ముఖం వైపు చూసేవాడు కాదు. సగం కొండ దాటాక ఎండ ఎక్కింది, రోడ్డు నిలువయింది. బావ వేగం పడిపోయింది. పక్కన నడిచే మనిషి దాటిపోగలిగినంత నెమ్మదిగా, సీటు మీంచి లేచి నిలబడి, ఒక్కొక్క తొక్కూ బావిలోంచి చేదినట్టు తొక్కుతున్నాడు.

చివరి మలుపులకు కాస్త ముందు వ్యాను ఆగినప్పుడు అత్తయ్య దిగింది. ఏం చేయబోతోందో మేం అడగలేదు. మా వైపు ఆషాఢంలో వచ్చే ఆడి నెలలో సామికి కావడి మోసేవాళ్ళు, మొక్కుకుని కొండకు నడిచేవాళ్ళు వీధిలోంచి పోతుంటే గడపలోంచి వచ్చి వాళ్ళ కాళ్ళు తాంబాళంలో పెట్టించి పసుపునీళ్ళు పోయడం వాడుక. కాళ్ళు చల్లబడతాయి, పోసినవాళ్ళకు పుణ్యం వస్తుంది. ఆమె వ్యాను పక్కనే, రోడ్డు వారగా ఇత్తడి తాంబాళం పెట్టి, బిందెలో పసుపు కలిపి ఎదురు చూస్తూ నిలబడింది. బావ దగ్గరికి రాగానే రెండడుగులు ముందుకు వేసి, తిరిగే ఆ కాళ్ళ మీద బిందెడు నీళ్ళూ కుమ్మరించింది.

ఉత్త కాలు, ఇనుప పెడలు, పసుపునీళ్ళు. కాలు జారింది. చక్రం తగిలి తాంబాళం ఠంగుమంది. బావ ఒరిగిపోతూ వ్యాను కిటికీ ఊచను చేత్తో పట్టుకున్నాడు, జారిన కాలును మళ్ళీ పెడలు మీదికి లాక్కుని, అలా వేలాడుతూ తండ్రి వైపు చూశాడు. అత్తయ్య ఖాళీ బిందె పట్టుకుని నిలబడిపోయింది. తన చేతులతో తానే ఏం చేసుకుందో అప్పుడే ఆమెకు అర్థమైంది. ఆ ముఖం వైపు నేను చూడలేక కిందికి చూశాను. తాంబాళం అంచుకు జానెడు ఇవతల, నల్లటి తారు మీద, అయిదు వేళ్ళతో సహా పచ్చటి అడుగు ముద్ర స్పష్టంగా ఉంది.

మామయ్య వ్యాను దిగాడు. కొట్లో గింజ ఎక్కడ పడిందో చూడటానికి ఎలా వంగేవాడో, అలాగే వంగి చూశాడు. ఒక్కసారి భార్య వైపు చూశాడు. తర్వాత నింపాదిగా నడిచి వెళ్ళి, ఆ అడుగు ముద్ర మీద తన రెండు చెప్పులూ ఆనించి నిలబడ్డాడు.

"తాంబాళంలో పడిండేది తాంబాళందే. నేలకు లెక్కరాదు. ఏం చూస్తా ఉండావు, పో."

బావ పోయాడు. అతను మలుపు తిరిగి కనబడకుండా పోయేవరకు, ముద్ర ఎండిపోయేవరకు, మామయ్య అక్కడి నుంచి కదల్లేదు. నేను నోరు తెరవబోతే నా వైపు ఒక చూపు చూశాడు, అంతే. ఏలగిరి నెత్తిన మంచూ లేదు, హోటళ్ళూ లేవు, పనస చెట్ల కింద ఒక టీ కొట్టు మాత్రం ఉంది. అక్కడ మా బావ సైకిలు మీంచి దిగి, వాంతి చేసుకుని, ఆ తర్వాత పులిహోర మొత్తం తినేశాడు.

మామయ్య మాట మీద నిలబడ్డాడు, కొట్టు విషయం మరెన్నడూ ఎత్తలేదు. బావ కొండ పందాలు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళాడు, కొన్ని గెలిచాడు, చాలా ఓడాడు, తర్వాత పురసవాక్కంలోనే సొంత సైకిళ్ళ కొట్టు పెట్టుకుని వందల మంది కుర్రాళ్ళకు తొక్కడం నేర్పాడు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి, పందెం వచ్చే సాయంత్రాలు మా ఇంటికి లిఫ్టులో వస్తాడు. మామయ్య లేడు, అత్తయ్య లేదు. ఏలగిరి మీద ఇప్పుడు హోటళ్ళు వచ్చేశాయట. ఆదివారాలు కుర్రాళ్ళు మహాబలిపురం రోడ్డున ఖరీదైన సైకిళ్ళ మీద, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చేతి గడియారంలో చూసుకుంటూ పోతున్నారు. మంచిదే, వాళ్ళ తొక్కుడు మాదానికంటే బాగుంటుంది. టీవీలో ఆల్పుకొండను హెలికాప్టర్ల నుంచి చూపిస్తారు, ఎవరి చక్రం ఎవరికి తగిలిందో, ఎవరి కాలు ఎక్కడ ఆనిందో నెమ్మదిగా తిప్పి తిప్పి చూపిస్తారు. న్యాయం బాగా పెరిగింది. ఒకరి అడుగు మీద ఇంకొకరు చెప్పులేసుకుని నిలబడేందుకే చోటు లేకుండా పోయిందేమోనని నాకు అప్పుడప్పుడు దిగులుగా ఉంటుంది.

మొన్న బావ నా పక్కన కూర్చుని మురుకులు తింటుంటే, ఆ దిగులులోనే, ఇన్నేళ్ళు దాచిన సంగతి అతనికి చెప్పేశాను. ఆ రోజు కాలు తాంబాళంలో పడలేదని, ముద్ర నేను కళ్ళారా చూశానని, జీవితంలో ఒక్క గింజ తప్పు తూచని మీ నాయన నీ కోసం ఒక అడుగు తప్పు తూచాడని, గొంతు కొంచెం బరువెక్కించుకుని మరీ చెప్పాను. బావ టీవీ మీంచి చూపు తిప్పలేదు. నోట్లో ఉన్న మురుకు పూర్తిగా నమిలి మింగాడు.

"తెలుసులేరా. నువ్వు చూసినావు, సరి. కాలు నాది గదా."