చైనా వేరు, పెద్దమ్మ గోలీ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మొదట్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. అప్పుడు నాకు పదకొండేళ్లు, మెదక్‌లో మా పెద్దమ్మ దగ్గర ఉండేదాన్ని. ఆమెకు గుండెలో కవాటం పాడైతే హైదరాబాద్‌లో మార్పించారు. అప్పటినుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక గోలీ వేసుకునేది.

ఆ ఏడు ఆమెకు నెలసరి తప్పుతూ, ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు పుట్టేవి. మాట్లాడుతూనే చెమటతో తడిసిపోయి, కొంగుతో విసురుకుంటూ వాకిట్లోకి వెళ్లిపోయేది. సిగ్గుతో డాక్టరుకు కూడా చెప్పుకోలేదు. సింగపూర్ నుంచి సెలవులకు వచ్చిన మా అత్తమ్మ ఆమెకో పొట్లం ఇచ్చింది. అందులో ఉన్నది డాంగ్ క్వాయ్ అనే చైనా వేరు. అక్కడి ఆడవాళ్లు నెలసరి బాధలకు తరతరాలుగా వాడతారట. దాన్ని రోజూ మరిగించి ఇచ్చే పని పెద్దమ్మ నాకు అప్పగించి, "ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అంది. వాముకు దగ్గరగా ఉండే ఆ ఘాటు వాసన మధ్య నిలబడి నేనేదో పెద్దదాన్నైపోయినట్టు మురిసిపోయాను.

రెండు వారాలకు ఆమె చేతుల మీద నీలం మచ్చలు తేలాయి. పళ్లు తోముకుంటే ఎర్రగా ఉమ్మేది. గట్టిగా తోమానని సర్దిచెప్పేది. నాకు బడిలో పాఠం ఎక్కేది కాదు. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. రోజూ ఒక ముక్క గోడ అవతలికి విసిరేసి, తక్కినవే మరిగించడం మొదలుపెట్టాను.

ఒక పొద్దున ఉల్లిగడ్డ కోస్తుంటే పెద్దమ్మ వేలు తెగింది. ఎంతసేపు నొక్కిపట్టినా నెత్తురు ఆగలేదు. నేను పక్కింట్లో ఉండే, సర్కారు దవాఖానలో పనిచేసే నర్సమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె వచ్చి గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకుని నా ముఖంలోకి చూసింది. ఏమైందని గుచ్చి గుచ్చి అడగలేదు.

"మంచినీళ్లు, బువ్వ తప్ప మీ పెద్దమ్మ నోట్లకు పోయేదల్ల తెచ్చి గీడ పెట్టు" అంది.

ముందు గోలీల డబ్బా పెట్టాను. చాలాసేపు పొయ్యి దగ్గర తచ్చాడి, చివరికి ఆ పొట్లం తెచ్చి పక్కన పెట్టాను. పెద్దమ్మ తల పక్కకు తిప్పుకుంది. నర్సమ్మ పొట్లం విప్పి, అదేమిటో, ఎన్నాళ్లుగా తాగుతోందో పెద్దమ్మనే అడిగి తెలుసుకుంది.

"ఇది పని చేస్తదని కొందరంటరు, గట్టి రుజువైతే లేదు. నీ గోలీతోని మాత్రం ఇది కలవొద్దు అక్కా, నెత్తురు మరీ పల్చబడ్తది. వేరు బంద్ చెయ్యి. గోలీ సంగతి డాక్టరే చెప్పాలె, నీ అంతట నువ్వు ఆపకు."

గర్భంతో ఉన్నవాళ్లు కూడా దీని జోలికి పోకూడదని చెప్పి, మిగిలినదాన్ని ఎవరికీ పంచవద్దంది. ఆ రోజే పెద్దమ్మను తోడుండి హైదరాబాద్ తీసుకెళ్లింది. రక్తపరీక్షలో నర్సమ్మ చెప్పిందే తేలింది. కొద్ది రోజులకు మచ్చలు పోయాయి. ఆవిర్ల సంగతి డాక్టరుతో చెప్పుకుంటే, వాటికి వేరే ఉపాయం దొరికింది. పెద్దమ్మ మాత్రం వారం దాకా నాతో సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు మోకాళ్ల నొప్పికి కషాయం తాగినా డాక్టరుకు చెప్పే మందులలో దాన్నీ కలుపుతాను. అంతకంటే ఎక్కువగా నాతో మిగిలింది నర్సమ్మ ఆనాడు నోటితో చెప్పించకుండా, చేత్తో తెప్పించి, నన్ను మాట తప్పనివ్వని తీరు. ఇంట్లో పిల్లలెవరైనా ఏదో దాచుకుని కుదురులేక తిరుగుతుంటే, చెప్పమని నిలదీయను. చేతికి ఏదైనా పని ఇచ్చి, పక్కనే కూర్చుంటాను.