ద్వీపంలో దినం భోజనం

జర్మనీలో, మా బ్రెమెన్‌లో చాలాకాలంగా మేమెవరమూ బయట కూర్చుని భోజనం చేసి ఎరగం. అందుకేనేమో, ఆ కరేబియన్ ద్వీపంలో దిగిన సాయంత్రం, హోటల్‌కి ఆనుకుని సముద్రం ఒడ్డున ఉన్న రెస్టారెంటులోకి వెళుతుంటే గుమ్మం దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. ఎవరి మొహానా మాస్కు లేదు. ఒకరి పళ్ళెంలోంచి ఒకరు తీసుకు తింటున్నారు, నోళ్ళు బార్లా తెరిచి నవ్వుతున్నారు. దగ్గరగా ఎవరో దగ్గితే నేను ఊపిరి బిగబట్టాను. అక్క మాత్రం తిన్నగా నడిచి వెళ్ళి, సముద్రానికి వీపు పెట్టి, హాలంతా కనబడే కుర్చీలో కూర్చుంది.

ఆమె నాకు సొంత అక్క కాదు. జర్మనీకి కొత్తగా వచ్చినప్పుడు, ఇంటి చిరునామా నమోదు చేయించుకునే ఆఫీసు బయట ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉంటే, నా చేతిలో తెలుగు వారపత్రిక చూసి పలకరించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళిన మనిషి. ఆమె ఒక కిటాలో, అంటే బడికింకా వెళ్ళని పిల్లల్ని ఉంచుకునే చోట, చిన్నపిల్లల్ని చూసుకునేది. ఆమె భర్తా మా ఆయనా ఒకే చోట ఇంజినీర్లు, విమానాల రెక్కల పని. ఆయన్ని నేను బావగారూ అని పిలిచేదాన్ని. వాళ్ళది అమలాపురం వైపు, మాది తణుకు దగ్గర. ఆ చలిదేశంలో ఆ మాత్రం దగ్గరితనం చాలు, చుట్టాలైపోవడానికి.

బావగారికి తిండి యావ ఎక్కువ. శుక్రవారం వచ్చిందంటే రెండిళ్ళలోనూ పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు, నలుగురం ఏదో ఒక హోటల్‌కి వెళ్ళాల్సిందే. ఈ ద్వీపం మాటా ఆయనే తెచ్చారు. "అక్కడ చేపకి నిమ్మకాయా, మిరపకాయా పట్టించి బొగ్గుల మీద కాలుస్తారంటమ్మా. ఈ జర్మన్లు వెన్నలో ముంచిన చేప తిని తిని నా నాలుక చచ్చిపోయింది" అనేవారు. నలుగురికీ టికెట్లు తీశారు. ఆ వసంతంలోనే అన్నీ మూతపడ్డాయి. విమాన కంపెనీవాళ్ళు ప్రయాణాన్ని వాయిదా వేశారు.

ఆ ఏడు చలికాలంలో అక్కకీ బావగారికీ జ్వరం వచ్చింది. అక్కది తగ్గింది. బావగారిని అంబులెన్సు తీసుకెళ్ళింది. అక్కని ఎక్కనివ్వలేదు. ఒంట్లో కాస్త సత్తువ రాగానే ఆమె మిరియాల చారూ మెత్తటి అన్నమూ క్యారియర్‌లో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. గుమ్మం దగ్గర కాపలా మనిషి మర్యాదగానే చెప్పాడట, బయటి తిండి తీసుకోము అని. ఆ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా ఉన్న బెంచీ మీద చీకటి పడేదాకా కూర్చుంది. అప్పటికే ఆయనకి ఊపిరి గొట్టం వేసేశారని తర్వాత తెలిసింది. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు.

దహనానికి కొద్దిమందినే రానిచ్చారు. దూరం దూరంగా, మాస్కుల్లో నిలబడ్డాం. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్ళమ్మాయి తల్లిని పట్టుకోవచ్చా లేదా అని చుట్టూ చూసి, చివరికి పట్టుకుంది. ఇక్కడివాళ్ళు కూడా మనిషిని సాగనంపాక ఏదో ఒక కఫేలో కూర్చుని కాఫీ తాగి, కేకు తిని, పోయినవాళ్ళ మాటలు చెప్పుకుంటారు. ఆ రోజు ఊళ్ళో తెరిచి ఉన్న కఫే ఒక్కటీ లేదు. ఎవరి కార్లో వాళ్ళం ఇళ్ళకి వెళ్ళిపోయాం.

మా వైపు దినం రోజున పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి ఊరివాళ్ళకి పెడతారు. మాంసం, చేప, ఏది ఇష్టమైతే అది. పంక్తిలో కూర్చోబెట్టి, కావాలా కావాలా అని అడిగి మరీ వడ్డిస్తారు. బావగారి దినం నాటికి ఒకరింటికి ఇంకొక్క మనిషి కంటే ఎక్కువ వెళ్ళకూడదన్న రూలు. ఆ ఒక్కరూ వాళ్ళమ్మాయే. నేను వండిన డబ్బాలు వాళ్ళ గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, కిందికి దిగి రోడ్డు మీద నిలబడ్డాను. అక్క కిటికీ తెరిచి చూసింది. "ఎవరికి పెట్టనే ఇదంతా?" అంది.

ఆ తర్వాత ఆమె కూర్చుని తినడం మానేసింది. వంటగదిలో నిలబడి, గిన్నెలోంచే నాలుగు మెతుకులు నోట్లో వేసుకునేది.

ప్రయాణాలు మళ్ళీ మొదలయ్యాక వాయిదా పడ్డ టికెట్ల సంగతి వచ్చింది. మా ఆయన రానన్నాడు. "ఆయన లేకుండా అక్కడ కూర్చుని నేను ముద్ద మింగలేను" అని లేచి వెళ్ళిపోయాడు. అక్క తన కూతురికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. తల్లి తెలుగులో అడిగింది, కూతురు జర్మన్‌లో జవాబిచ్చింది. ఇప్పుడిప్పుడే వద్దనీ, ఒంటరిగా అసలే వద్దనీ. అక్క ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "ఒంటరిగా ఎందుకు, నువ్వు రా" అంది. ఇన్నాళ్ళకి ఒక కోరిక కోరింది కదా అని సరే అన్నాను.

ఆ మొదటి సాయంత్రం ఆమె చాలా తెప్పించింది. కాల్చిన ఎర్ర చేప, రొయ్యలు, ఉప్పుచేప వేసి చేసిన బజ్జీలు, వేయించిన అరటికాయ ముక్కలు. బల్ల నిండిపోయింది. తను మాత్రం ఫోర్కు ముట్టుకోలేదు. పక్క బల్లల వాళ్ళు తింటుంటే చూస్తూ కూర్చుంది.

"తిను అక్కా, చల్లారిపోతోంది."

"తింటాలే. నువ్వు తిను. ఆ చేప ఎలా ఉంది?"

"బాగుంది. కారం తక్కువ."

"ఊఁ" అని ఏదో ఆలోచనలో పడింది.

మర్నాడు ఇంకో చోటు, ఆ మర్నాడు ఇంకోటి. ప్రతిచోటా అదే తంతు. మధ్యాహ్నం ఒక చోట, సాయంత్రం ఒక చోట కూర్చునేవాళ్ళం. చుట్టూ సెలవులకి వచ్చిన జంటలు ఎండకి ఎర్రబడి, గ్లాసులు తాకించుకుంటూ ఉండేవాళ్ళు. మేమిద్దరం తాకని పళ్ళేల ముందు కూర్చునేవాళ్ళం. వెయిటర్లు వచ్చి, వంట నచ్చలేదా అని అడిగేవాళ్ళు. నాకు సిగ్గేసేది. అక్క వాళ్ళని తిరిగి అడిగేది, ఇక్కడ ఒకేసారి ఎంతమంది కూర్చోవచ్చు, బల్లలు కలిపి వేస్తారా అని. ఒక చోట వెయిటరు పళ్ళెం విసురుగా పెట్టాడని లేచి వచ్చేసింది. ఎండలో ఆమె వెనక నడుస్తూ నేను అరిచాను.

"ఏంటక్కా ఇది? తినవు, తిననివ్వవు. ఏం వెతుకుతున్నావు అసలు?"

ఆమె వీధి చివర ఇంకో హోటల్ బోర్డు చదువుతూ నిలబడింది.

చివరికి పడవల రేవు దగ్గర, రేకుల కప్పు కింద పొడుగాటి బెంచీలున్న ఒక చిన్న భోజనశాల దొరికింది. సెలవులకి వచ్చినవాళ్ళు అటు రారు. పడవల వాళ్ళూ, సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్ళూ తింటున్నారు. నడిపే ఆవిడ మా వయసుదే, నల్లగా, నిబ్బరంగా ఉంది. తనే వండి, తనే వడ్డిస్తోంది. ఎవరి పళ్ళెం ఖాళీ అయినా అడక్కుండానే గరిటెతో వచ్చి వేస్తోంది. మేకమాంసం కూర మూత తీసేసరికి ధనియాలు, ఆవాలు, పసుపు కలిసిన వాసన వచ్చింది. ఎప్పుడో మన వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు తెచ్చిన పొడి అది అని ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. అక్క ఆ కూరని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఇక్కడ పెడదామే" అంది.

"ఏం పెడదాం?"

"ఆయన దినం."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ఆవిడతో నేనే మాట్లాడాను. అక్క భర్త పోయాడనీ, ఎవరికీ భోజనం పెట్టుకోలేకపోయిందనీ, ఇక్కడ తినేవాళ్ళందరికీ ఒక పూట పెట్టాలనుకుంటోందనీ. ఆవిడ చేతులు తుడుచుకుంటూ విని, అక్క ఎదురుగా వచ్చి కూర్చుంది. "మాకూ ఉంది ఆ పద్ధతి. పోయినవాళ్ళ ఇంట్లో రాత్రంతా జనం తినాలి, తాగాలి, మాట్లాడాలి. ఈ రెండేళ్ళూ మేమూ చాలామందిని ఉత్త చేతుల్తో పంపేశాం" అంది. మా తిరుగు ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నానికి ఒప్పుకుంది. ఆ రాత్రి అక్క సూట్‌కేసు తెరిచి నేత చీర ఒకటి తీసి మడతలు సరిచేసుకుంది. ఆ చీర వెంట తెచ్చుకుందని నాకు తెలియదు.

కేసులు పెరుగుతున్నాయని హోటల్లో అందరూ అనుకుంటూనే ఉన్నారు. ఆ రోజు పొద్దున మేము రేవుకి వెళ్ళేసరికి భోజనశాల తలుపు రేకు సగం దించి ఉంది. ఆవిడ మాస్కు పెట్టుకుని బయట నిలబడి ఉంది. ఆ పొద్దుటి నుంచే హోటళ్ళలో ఎవరూ కూర్చుని తినకూడదని ఆజ్ఞ వచ్చిందట. పొట్లాలు కట్టి ఇవ్వచ్చు, అంతే. లోపల మేకమాంసం తెల్లవారకముందు నుంచీ ఉడుకుతోంది. చేపలు మసాలా పట్టించి వరసగా పెట్టి ఉన్నాయి. బెంచీలు మాత్రం గోడకి ఎత్తి పెట్టేశారు.

"బయట, రోడ్డు పక్కన కూర్చోబెట్టలేమా? కిందే కూర్చుంటారు. మన ఊళ్ళో కూర్చోరూ?" అక్క నన్ను అడుగుతోంది.

నేను ఆవిడకి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పోలీసు బండి అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళిందట.

అలా కిటికీలోంచి పంచాం. ఆవిడ డబ్బాల్లో సర్దుతుంటే నేను మూతలు పెట్టాను. అక్క ఆ నేత చీరలో, మొహానికి మాస్కుతో, కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతికీ ఇచ్చింది. "కడుపునిండా తినండి" అని తెలుగులోనే అంటోంది. వాళ్ళు మెర్సీ అని వాళ్ళ మాటలో థాంక్స్ చెప్పి తీసుకుని, వెనకవాళ్ళు తోసుకొస్తున్నారని గబగబా వెళ్ళిపోతున్నారు. ఒకామె ఇది ఏ చర్చివాళ్ళు పెడుతున్నారు అని అడిగింది. ఒకతను డబ్బా మూత తీసి వాసన చూసి, మూసేస్తున్నారు కదా, పాడైపోతుందని వదిలించుకుంటున్నారా అని నాతో ఇంగ్లీషులో అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆవిడ వాళ్ళ భాషలో గట్టిగా కసిరింది. అతను భుజాలెగరేసి డబ్బా పట్టుకునే పోయాడు.

"ఏమన్నాడే?" అంది అక్క.

"బాగుందన్నాడు."

ఆమె నమ్మలేదు. నా మొహం చూసి తిరిగి కిటికీ వైపు తిరిగింది. జనం పలచబడ్డాక మెల్లగా అంది, "ఎవరి పేరున తింటున్నారో ఒక్కరికీ తెలీదు. ఒక్కరు కూర్చోలేదు. ఇంకాస్త వెయ్యనా అని ఒక్కరిని అడగలేదు నేను."

ఆవిడ రేకు పూర్తిగా కిందికి దించేసింది. లోపల చీకటైపోయింది. ఒక బెంచీ దించి, మా ఇద్దరికీ పళ్ళేలు పెట్టి, తను దూరంగా పొయ్యి దగ్గర ఇంకో పళ్ళెం పట్టుకుని కూర్చుంది. అక్క చేప ముక్క విరిచి, అన్నంలో కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది. దాదాపు ఏడాది తర్వాత ఆమె కూర్చుని తినడం చూస్తున్నాను. ఏమైనా అంటే ఆగిపోతుందేమోనని నేను తల వంచుకుని ఓరకంట గమనించాను. ఆమె ఆత్రంగా, నమలకుండా మింగుతోంది. నాలుగైదు ముద్దలయ్యాక ఒక్కసారి లేచి వెనక గుమ్మంలోకి పరిగెత్తింది. తిన్నదంతా కక్కేసింది. ఆవిడ వెళ్ళి అక్క తల పట్టుకుంది, దూరం సంగతి మర్చిపోయి. అక్కడ ఆ బురదలో, గోడకి చేతులానించి, అక్క ఏడ్చింది. దహనం రోజున కూడా ఆమె ఏడవగా నేను చూడలేదు. అది మనిషి గొంతులా లేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళాలని తెలుసు, వెళ్ళలేదు. ముందు వైపు ఎవరో రేకు మీద దబదబా కొడుతున్నారు, ఇంకా పొట్లాలు మిగిలాయా అని.

తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి రైలెక్కాం. బ్రెమెన్ స్టేషన్లో వాన పడుతోంది. ట్రాము ఎక్కబోతూ, "నువ్వు రావడం మంచిదే అయింది, పాపం" అంది. ఆ పాపం ఎవరికో నాకు తెలియలేదు.

తర్వాత ఫోన్ చేస్తే, డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఉందనేది, లేకపోతే తల నొప్పిగా ఉందనేది. ఇంటికి వెళితే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసింది. మా ఆయనతో బాగానే మాట్లాడేది. నేను కనబడితే ఆమె కళ్ళు పక్కకి తిరిగేవి. మొదట కోపమొచ్చింది, అంత దూరం తోడు వెళ్ళినందుకు ఇదా అని. ఆ వెనక గుమ్మంలో నేను చూసినదాన్ని ఆమె ఎవరూ చూడకూడదనుకుందని నెమ్మదిగా అర్థమైంది. ఎండలు వచ్చేసరికి ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి, మ్యూనిక్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. సామాన్లు సర్దడానికి మా ఆయన్ని పిలిచింది, నన్ను పిలవలేదు.

కిందటి ఏడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మ బానే ఉంది ఆంటీ. పక్కనే చర్చి తోటలో పని చేస్తోంది, పువ్వులవీ పెడుతుంది. షీ ఈజ్ ఓకే" అంది.

"నా గురించి ఏమైనా అడుగుతుందా?"

అమ్మాయి తెలుగు మాటలు వెతుక్కుంటోందో, అబద్ధం వెతుక్కుంటోందో.

"లేదు ఆంటీ" అంది.

సరేలే అమ్మా అని, వాళ్ళ ఊళ్ళో వానల గురించి అడిగి, ఫోన్ పెట్టేశాను. మళ్ళీ చెయ్యలేదు.